టూర్‌లో ఒకే రూంలో పడుకోవాలి, పక్కన గురక: ఏం చేయాలి, ఎలా చేయాలి

ఫ్యామిలీ టూర్ అనుకోగానే హోటల్ రేటు చూస్తాం, బ్రేక్‌ఫాస్ట్ ఉందా అని చూస్తాం, గీజర్ పనిచేస్తుందా అని ఫోన్ చేసి మరీ అడుగుతాం, కానీ ఆ రూంలో ఎవరి పక్కన ఎవరు పడుకుంటారు, గురక పెట్టేది ఎవరు, చిన్న చప్పుడుకే లేచేది ఎవరు అన్నది మాత్రం ఎవ్వరం మాట్లాడం. మొదటి రాత్రి లైట్ ఆపాక అరగంటకి తెలుస్తుంది. ఇంట్లో అయితే దిండు పట్టుకుని హాల్లోకి పోవచ్చు, ఊటీ చలిలో రాత్రి ఒంటిగంటకి ఎక్కడికి పోతాం? రెండు రాత్రులు కునుకు లేకపోతే మూడో రోజుకి ఇంటిల్లిపాదీ ఒకరి మీద ఒకరు విసుక్కోవడమే. అందుకే ఇది రాస్తున్నా, గురక పెట్టేవాళ్ళకీ, వినేవాళ్ళకీ ఇద్దరికీ, ఎందుకంటే సగం పని వాళ్ళ చేతిలో, సగం వీళ్ళ చేతిలో ఉంటుంది.

ముందు ఒకటి అర్థం చేసుకోవాలండి, గురక ఎవరూ కావాలని పెట్టరు. నిద్రలోకి జారాక గొంతులో కండరాలు వదులవుతాయి, గాలి వెళ్ళే దారి ఇరుకవుతుంది, ఆ ఇరుకులోంచి గాలి పోతుంటే అంగిలి వెనకున్న మెత్తటి భాగం, కొండనాలుక అదురుతాయి, ఆ చప్పుడే గురక. వెల్లకిలా పడుకుంటే నాలుక కూడా వెనక్కి జారి దారి ఇంకాస్త మూసుకుంటుంది. ఇంట్లో పెద్దగా గురక పెట్టనివాళ్ళు కూడా టూర్‌లో ఎందుకు పెడతారంటే, రోజంతా తిరిగిన అలసట, రాత్రి పదకొండుకి బిర్యానీ, కొందరికి మందు, చలికి పట్టేసిన ముక్కు, అలవాటు లేని దిండు, ఇవన్నీ ఒకే రాత్రి కలుస్తాయి. అంటే వీటిలో కొన్ని మన చేతిలో ఉన్నవే.

బుక్ చేయకముందే మాట్లాడుకోవడం

అన్నిటికన్నా పనిచేసేది ఇదే, ఒక్క రూపాయి ఖర్చు లేదు. కానీ ఎవరు చెప్పాలి అన్నది చూసుకోవాలి. కోడలు వెళ్ళి మావయ్యగారితో "మీరు గురక పెడతారు" అంటే బాగోదు, ఆయన చిన్నబుచ్చుకుంటారు. అది అత్తయ్యగారో, కొడుకో చెప్పాలి, అదీ పదిమందిలో కాదు, పక్కకి పిలిచి. ఎలా అనాలంటే, "నాన్నా, నీకు వేరే మంచం ఉన్న రూం చూస్తున్నా, హాయిగా కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు, పిల్లకి చప్పుడైతే లేచిపోతుంది" అంతే, తప్పంతా ఆయన మీద పడకుండా. ఫ్రెండ్స్‌లో అయితే ఇంత మొహమాటం అక్కర్లేదు, గోవా ప్లాన్ వేసే రోజే "రేయ్, రాత్రుళ్ళు సౌండ్ వచ్చేవాళ్ళు ఎవరో ముందే చెప్పండి, రూంలు దాన్ని బట్టి తీసుకుందాం" అనేయొచ్చు.

గురక పెట్టేవాళ్ళైతే మీరే ముందు చెప్పేయండి. "అన్నా నాకు గురక ఉంది, ఇబ్బంది అయితే తట్టి లేపు, ఏమనుకోను" అని పడుకునే ముందు ఒక్క మాట అంటే పక్కవాడికి సగం బరువు దిగిపోతుంది. అర్ధరాత్రి లేపొచ్చో లేదో తెలియక పళ్ళు బిగబట్టుకుని పడుకునేవాళ్ళని చాలామందిని చూశాను.

రూంల లెక్కకి వస్తే, ఆరుగురు ఉంటే ఒక పెద్ద ఫ్యామిలీ సూట్ కన్నా రెండు మామూలు రూంలు మేలు. రేటు కూడా చాలాసార్లు అటూ ఇటుగానే ఉంటుంది, పైగా రెండు బాత్రూంలు వస్తాయి. ఇక మన కుటుంబాల్లో చాలామంది చేసే పనే, నిజంగా పనిచేస్తుంది కూడా: గురక పెట్టేవాళ్ళందరినీ ఒక రూంలో వేయడం. నాన్నగారు, బాబాయి, పెద్దబావ ఒక రూంలో, మిగతావాళ్ళు ఇంకో రూంలో. గాఢంగా నిద్రపోయేవాళ్ళకి పక్కవాళ్ళ గురక అంతగా తెలీదు. మొగుడూపెళ్ళాలు విడిపోయి పడుకోవడం ఏంటి అని పెద్దవాళ్ళు మొదట అంటారు, రెండో రోజు పొద్దున్న అందరి మొహాలు తేటగా కనపడితే ఇంకేమీ అనరు.

ఒకే రూం తప్పదు అంటే ట్విన్ బెడ్స్, అంటే విడివిడిగా రెండు మంచాలు అడగండి, డబుల్ బెడ్ కాదు. ఎక్స్‌ట్రా బెడ్ అంటే మన దగ్గర ఎక్కువ చోట్ల కింద వేసే పరుపే, అది గురక పెట్టేవాళ్ళ మంచానికి దూరంగా అటు గోడవైపు వేయించుకోండి. తలలు ఒకే వైపు పెట్టుకోకుండా ఒకరు ఇటు, ఒకరు అటు పెట్టుకుంటే చెవికీ నోటికీ మధ్య దూరం ఇట్టే పెరుగుతుంది, చిన్న రూంలో కూడా తేడా తెలుస్తుంది. హోంస్టే అయితే హాల్లో సోఫా ఉందా, రాత్రి అక్కడ పడుకోనిస్తారా అని ఫోన్‌లోనే అడగండి. ప్యాకేజ్ టూర్‌లో కాశీకో, చార్‌ధామ్‌కో ఒంటరిగా వెళ్తుంటే ట్విన్ షేరింగ్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళతో వేస్తారు, అప్పుడు టూర్ మేనేజర్‌కి బయల్దేరకముందే చెప్పాలి, సింగిల్ రూంకి ఎంత ఎక్స్‌ట్రానో కనుక్కోవాలి. అక్కడికి వెళ్ళాక మార్చమంటే సీజన్‌లో రూంలు దొరకవు.

తిరుమలలో ఇవేవీ కుదరవు, ఇచ్చిన రూం ఇచ్చినట్టు తీసుకోవాలి, చాపలేసుకుని అందరూ వరసగా పడుకోవడమే. అక్కడ తలలు అటూ ఇటూ పెట్టుకోవడం, ఇయర్‌ప్లగ్స్, ఈ రెండే దిక్కు. యాత్రికుల వసతి సముదాయం హాల్లో పడుకుంటే చెప్పక్కర్లేదు, చుట్టూ ఎంతమందో. ప్లగ్స్ పెట్టుకుని పడుకునేవాళ్ళు ముందు బ్యాగ్, ఫోన్, డబ్బులు లాకర్లో పెట్టేయండి, చెవులు మూసుకుంటే పక్కన ఎవరు కదిలారో తెలీదు.

గురక పెట్టేవాళ్ళు చేయగలిగినవి

పడుకునే ముందు మూడు నాలుగు గంటల లోపల మందు వద్దు. ఇది నీతి చెప్పడం కాదు, ఆల్కహాల్ గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తుంది, మామూలుగా సన్నగా వచ్చే గురక ఆ రాత్రి గోడలదిరేలా వస్తుంది. నిద్రమాత్రలు కూడా అంతే, కొత్త చోట నిద్రపట్టదేమోనని ఎవరో ఇచ్చిన మాత్ర వేసుకోవద్దు. భోజనం వీలైతే ఎనిమిదికల్లా కానిచ్చేయండి, టూర్‌లో ఇది కష్టమే, కనీసం ఆ పూట తేలిగ్గా తినండి.

పక్కకి ఒత్తిగిలి పడుకోవడం చాలామందికి బాగా పనిచేస్తుంది. కష్టం ఏంటంటే నిద్రలో మళ్ళీ వెల్లకిలా తిరిగిపోతాం. దానికి ఒక చిట్కా, నడుముకి కట్టుకునే ట్రావెల్ పౌచ్ ఉంటుంది కదా, అందులో రెండు మూడు జతల సాక్సులు గట్టిగా ఉండచుట్టి పెట్టి, పౌచ్‌ని వీపువైపు తిప్పి కట్టుకుని పడుకోవాలి. వెల్లకిలా తిరగబోతే వీపు కింద ఒత్తుకుని దానంతట అదే మళ్ళీ పక్కకి తిప్పుతుంది. పెద్దవాళ్ళకి ఇది ఇబ్బంది అనిపిస్తే వీపు వెనక ఒక దిండు అడ్డం పెట్టినా కొంత ఆగుతారు. ఇంకోటి, తల కింద రెండు మూడు దిండ్లు ఎత్తుగా పెట్టేస్తుంటారు, దానివల్ల మెడ ముందుకి వంగి దారి ఇంకా నొక్కుకుంటుంది. పెడితే భుజాల దగ్గర్నుంచి ఏటవాలుగా పెట్టాలి, ఒట్టి తల మాత్రమే కాదు.

ముక్కు పట్టేసినవాళ్ళకి గురక ముక్కు వల్లే ఎక్కువవుతుంది. పడుకునే ముందు వేడినీళ్ళ స్నానం, మెడికల్ షాపులో దొరికే సెలైన్ స్ప్రే, ముక్కు మీద అంటించుకునే నేజల్ స్ట్రిప్స్, ఇవి ఇలాంటివాళ్ళకి బాగా ఉపయోగపడతాయి. ముక్కు శుభ్రంగా ఉండి గొంతులోంచి వచ్చే గురక అయితే స్ట్రిప్ వల్ల పెద్ద లాభం ఉండదు, అది తెలిసి కొనుక్కోండి. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ ఉన్న చుక్కల మందులు వెంటనే ముక్కు తెరుస్తాయి కానీ వరసగా నాలుగైదు రోజులు దాటితే మందు ఆపగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుపోతుంది, బీపీ ఉన్నవాళ్ళయితే డాక్టర్‌ని అడక్కుండా వాడకూడదు. ముక్కులో నెయ్యి, నూనె వేసుకోమని ఎవరైనా చెప్తే వద్దనండి, పడుకున్నప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది. నోటికి టేప్ అంటించుకోవడం అని ఒకటి వీడియోల్లో తిరుగుతోంది, ముక్కు పట్టేసినవాళ్ళు, నిద్రలో ఊపిరి ఆగేవాళ్ళు దాని జోలికే పోకూడదు.

వినేవాళ్ళు చేయగలిగినవి

మొదటిది, మీరు ముందు పడుకోండి. గురక మొదలయ్యేలోపు మీరు గాఢనిద్రలోకి వెళ్ళిపోతే సగం రాత్రి గట్టెక్కినట్టే. నాన్నగారిని అరగంట టీవీ చూడమనండి, లేదా అబ్బాయితో కలిసి కింద నాలుగడుగులు వేసి రమ్మనండి. సాయంత్రం ఐదు దాటాక టీ కాఫీలు మానేయాలి ఆ రోజులకి.

ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ చాలా చవక, కానీ ఎక్కువమంది పెట్టుకోవడం రాక పనికిరావని పారేస్తారు. పెట్టుకునే పద్ధతి ఇది. చేతులు కడుక్కుని ప్లగ్‌ని వేళ్ళమధ్య మడతలు లేకుండా సన్నగా నులమాలి. కుడి చెవికి పెట్టుకునేటప్పుడు ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగాలి, అప్పుడు చెవి రంధ్రం తిన్నగా అవుతుంది. నులిమిన ప్లగ్‌ని లోపలికి పెట్టి, వేలితో ఒక 30 సెకన్లు అలా పట్టుకుని ఉంచాలి, అది మెల్లగా ఉబ్బి దారి మూస్తుంది. ప్లగ్ సగం బయటికి కనపడుతుంటే సరిగ్గా వెళ్ళలేదని అర్థం, తీసి మళ్ళీ పెట్టుకోవాలి. ప్యాకెట్ మీద ఎన్‌ఆర్‌ఆర్ అని, శబ్దం ఎంత తగ్గిస్తుందో చెప్పే ఒక అంకె ఉంటుంది, 30 దగ్గర్లో ఉన్నవి చూసుకోండి. దూది పెట్టుకుంటే సౌండ్ పెద్దగా ఆగదు. చెవిలో చీము, నొప్పి, కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళు ప్లగ్స్ వాడొద్దు. తీసేటప్పుడు ఒక్కసారిగా లాగకుండా కొంచెం తిప్పుతూ తీయాలి. మొట్టమొదటిసారి టూర్‌లో పెట్టుకోకుండా ఇంట్లో రెండు రాత్రులు అలవాటు చేసుకుంటే చెవిలో ఏదో ఉందన్న చిరాకు పోతుంది.

ప్లగ్స్ పెట్టినా గురకలో ఆ బొంగురు శబ్దం కొంత వినపడుతూనే ఉంటుంది, అది మామూలే. దాని మీద ఇంకో సౌండ్ కప్పాలి. మన ఊళ్ళల్లో ఆ పని సీలింగ్ ఫ్యాన్ చేసేస్తుంది, ఏసీ వేసినా ఫ్యాన్ కూడా రెండులో తిప్పండి. ఊటీ, కొడైకెనాల్ లాంటి చోట్ల ఎక్కువ రూంలలో ఫ్యాన్లే ఉండవు, కిటికీలు కూడా మూసేస్తాం, రూం నిశ్శబ్దంగా అయిపోయి ప్రతి గురకా స్పష్టంగా వినిపిస్తుంది. అలాంటి చోట్లకి వెళ్ళేముందే ఫోన్‌లో వానచప్పుడో, ఫ్యాన్ చప్పుడో, బ్రౌన్ నాయిస్ అని ఉంటుంది కొంచెం లోతైన హోరు, అది గంటలకొద్దీ ఆగకుండా వచ్చేది డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, కొండమీద నెట్ ఉంటుందో ఉండదో. ఫోన్‌ని దిండు కింద కాకుండా మీ తలవైపు బల్ల మీద పెట్టి, గురక పూర్తిగా మునిగిపోయేంత కాకుండా దాని పదును తగ్గేంత వాల్యూమ్ పెడితే చాలు. పక్కన పెద్దవాళ్ళుంటే ఒకమాట అడిగి పెట్టండి, కొందరికి ఆ హోరే నిద్ర చెడగొడుతుంది.

నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్ విమానం హోరు లాంటి ఆగకుండా వచ్చే శబ్దానికి బాగుంటాయి, గురక ఎగుడుదిగుడుగా వస్తుంది కాబట్టి అంత ఆపలేవు, పక్కకి పడుకుంటే చెవి నొప్పి, తెల్లారేలోపు చార్జింగ్ అయిపోతుంది. నా ఓటు ఫోమ్ ప్లగ్స్‌కే.

చెవులు మూసుకుంటే అలారం వినపడదు. సుప్రభాత సేవ టికెట్ ఉన్నవాళ్ళు, తెల్లారుజామున బస్సో ట్రైనో ఉన్నవాళ్ళు చేతికి స్మార్ట్‌వాచ్ ఉంటే వైబ్రేషన్ అలారం పెట్టుకోండి, లేకపోతే ప్లగ్స్ పెట్టుకోని ఒకరికి లేపమని అప్పజెప్పండి. చంటిపిల్లలున్నా, రాత్రి బాత్రూంకి పట్టుకెళ్ళాల్సిన పెద్దవాళ్ళున్నా ఇంట్లో ఒక్కరైనా చెవులు తెరుచుకుని పడుకోవాలి, మొగుడూపెళ్ళాలు రాత్రికొకరు వంతులేసుకోండి.

రాత్రి మధ్యలో గురక మరీ పెరిగితే భుజం మీద మెల్లగా చెయ్యేసి "నాన్నా, కొంచెం అటు ఒత్తిగిలి పడుకో" అనండి చాలు, చాలామంది పూర్తిగా మేలుకోకుండానే తిరిగిపోతారు. ముక్కు మూయడం, గట్టిగా అరవడం, దిండుతో కొట్టడం వద్దు, ఉలిక్కిపడి లేస్తే బీపీ, గుండె ఉన్నవాళ్ళకి మంచిది కాదు.

ఇక పొద్దున్న టిఫిన్ దగ్గర దాని గురించి జోకులు వేయకండి దయచేసి. మనకి అది సరదా, ఆయనకి సిగ్గు. వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం ఇంకా ఘోరం. "నా వల్ల మీకెందుకు ఇబ్బంది, మీరు వెళ్ళిరండి" అని తర్వాతి టూర్‌కి ఇంట్లోనే ఉండిపోయే తాతయ్యలు, అమ్మమ్మలు ఉన్నారు, ఆ ఉండిపోవడానికి కారణం ఇంట్లోవాళ్ళకి తెలీను కూడా తెలీదు. ఒక జత ప్లగ్స్‌తో పోయేదానికి పెద్దవాళ్ళని వదిలేసి వెళ్ళడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ట్రైన్లో, కొండల మీద

త్రీ ఏసీలో పైబెర్త్ ఆయన గురకకి మనం ఏం చేయలేం, ప్లగ్స్ పెట్టుకోవడమే. స్టేషన్ దాటిపోతుందేమోనని భయముంటే 139కి ఫోన్ చేసి డెస్టినేషన్ అలర్ట్ పెట్టుకోవచ్చు, ఫోన్ వైబ్రేషన్‌లో ఒంటికి తగిలేలా పెట్టుకోండి.

లేహ్ 3,500 మీటర్ల ఎత్తు, కేదార్‌నాథ్ కూడా దాదాపు అంతే, బదరీనాథ్ 3,000 పైన. అంత ఎత్తులో గాలి పల్చగా ఉండి, నిద్రలో ఊపిరి కాసేపు ఆగినట్టై మళ్ళీ గబగబా తీసుకోవడం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా జరుగుతుంది. పక్కన చూసేవాళ్ళు హడలిపోతారు. ముందే తెలిసుంటే కంగారు ఉండదు. మందు, నిద్రమాత్రలు అక్కడ అస్సలు వద్దు, ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా ఇచ్చే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా అన్నది బయల్దేరకముందే డాక్టర్‌ని అడగాలి. కానీ మెలకువగా ఉన్నప్పుడు కూడా ఆయాసం, ఆగని దగ్గు, మాట తడబడటం, తూలుతూ నడవడం ఉంటే అది నిద్ర సంగతి కాదు, వెంటనే కిందికి దింపాలి, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

అసలు చూడాల్సింది ఇది

మామూలు గురకకీ, జబ్బుకీ తేడా పక్కన పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది, గురక పెట్టేవాళ్ళకి చాలావరకు తెలీదు. టూర్‌లో నిద్రపట్టక మేలుకుని ఉన్నప్పుడు కోపం కాసేపు పక్కన పెట్టి ఆ గురక వినండి. ఒకే తీరున వస్తుందా, లేక పెద్దగా వస్తూ వస్తూ ఒక్కసారి ఆగిపోయి, నిశ్శబ్దం, పది సెకన్లో ఇంకా ఎక్కువో తర్వాత ఉక్కిరిబిక్కిరై గట్టిగా ఊపిరి లాగి మళ్ళీ మొదలవుతుందా? అలా మాటిమాటికీ ఆగుతుంటే అది స్లీప్ ఆప్నియా అయ్యుండొచ్చు. గంటకి ఇలాంటివి 5 దాటితే డాక్టర్లు ఆప్నియా కింద లెక్కవేస్తారు, 30 దాటితే తీవ్రమైనది. ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, ఇలా ఏళ్ళ తరబడి సాగితే బీపీ, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతాయి. పొద్దున్న తలనొప్పి, నోరు ఎండిపోవడం, ఎనిమిది గంటలు పడుకున్నా పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడటం, మందులు వాడినా బీపీ తగ్గకపోవడం, యాభై దాటిన వయసు, లావు మెడ, ఇవి తోడైతే అనుమానం ఇంకా బలపడుతుంది. సన్నగా ఉన్నవాళ్ళకీ వస్తుంది, ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళకీ వస్తుంది, లావువాళ్ళకే అనుకోవద్దు. పిల్లలు రోజూ గురక పెడుతుంటే టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ పెరిగాయేమో చూపించాలి, ముద్దుగా ఉందని వదిలేయకూడదు.

అలా ఊపిరి ఆగడం కనపడితే పొద్దున్న ఆయనకి విడిగా చెప్పి, ఆయన సరేనంటే మర్నాడు రాత్రి రెండు నిమిషాలు వీడియో తీయండి, డాక్టర్‌కి చూపించడానికి మాత్రమే. ఇంటికొచ్చాక ఈఎన్‌టీ డాక్టర్‌కో, ఊపిరితిత్తుల డాక్టర్‌కో చూపిస్తే స్లీప్ స్టడీ రాస్తారు, ల్యాబ్‌లో ఒక రాత్రి పడుకోవాలి, కొందరికి ఇంట్లోనే మెషిన్ పెట్టి చేస్తారు. ఈలోపు ఆ టూర్‌లో కారు నడిపేది ఆయనే అయితే స్టీరింగ్ మార్చండి. అరకు ఘాట్‌లో, శ్రీశైలం ఘాట్‌లో ఒక్క కునుకు చాలు. రాత్రంతా నిద్రలేని మీరు కూడా ఆ రోజు నడపొద్దు, బాగా నిద్రపోయిన మూడోవాళ్ళు నడపాలి, లేదంటే డ్రైవర్‌ని పెట్టుకోవాలి.

ఇప్పటికే ఆప్నియాకి సీప్యాప్ మెషిన్ (నిద్రలో మాస్క్ ద్వారా గాలి పంపి గొంతు దారి తెరిచి ఉంచేది) వాడుతున్నవాళ్ళు నాలుగు రోజులే కదా అని ఇంట్లో వదిలేసి వస్తుంటారు, అలా చేయకండి, మానేసిన రాత్రులే ఆప్నియా తిరిగొస్తుంది, గురకా తిరిగొస్తుంది. విమానంలో చెకిన్ బ్యాగ్‌లో వేయకుండా చేత్తో తీసుకెళ్ళండి, డాక్టర్ రాసిన చీటీ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. హోటల్లో ప్లగ్ పాయింట్ మంచానికి ఆమడ దూరంలో ఉంటుంది, చిన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు బ్యాగ్‌లో పడేయండి. హోంస్టే వాళ్ళని రాత్రి కరెంటు పోతే ఇన్వర్టర్ ఆ పాయింట్‌కి వస్తుందా అని అడగండి. ఆ మెషిన్‌లో గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫైయర్‌లో ట్యాప్ నీళ్ళు పోయొద్దు, డిస్టిల్డ్ వాటర్ దొరక్కపోతే ఆ రెండు రోజులు నీళ్ళు లేకుండానే వాడుకోవచ్చు, గొంతు కొంచెం ఎండుతుంది అంతే. ట్రైన్ సాకెట్‌ని మాత్రం నమ్ముకోవద్దు, రాత్రి 11 నుంచి పొద్దున్న 5 దాకా చార్జింగ్ పాయింట్లకి కరెంటు ఆపే రూల్ ఉంది, కాబట్టి రాత్రి ప్రయాణం ఉంటే మెషిన్‌కి సరిపడే బ్యాటరీ ప్యాక్ గురించి కొన్నచోటే అడిగి పెట్టుకోండి, లేదా పగటి ట్రైన్‌కి టికెట్ తీసుకోండి.